అరుగు చూశావా?

గట్టు కట్టిన నలభయ్యో ఏడు, మంచు నెల, పదకొండో రోజు

ఇవాళ మొదటి వింత: ఎండ నడినెత్తికి రాకముందే కాగులో పోసిన నిమ్మగడ్డి నూనె వాసన పోయింది.

నా ముక్కే పనిచేయడం లేదేమో అనుకున్నాను. బయటికి వెళ్లి సముద్రపు గాలి పీల్చి, ముక్కు చీది, మళ్లీ వచ్చి కాగు మూత దగ్గర వంగాను. లేదు. నూనె వాసన పూర్తిగా పోయి, మందుకుండే చేదు వాసన ఒక్కటే ఉంది. నిన్నటిదాకా దీనికి పొద్దు వాలేది.

"మాస్టారూ, దిగింది!" అని అరిచాను.

వరహాలు మాస్టారు గోడ మీద నిలబడి ఎండ అద్దాలను కాగు వైపు తిప్పుతున్నారు. నా వైపు చూడలేదు. నిచ్చెన ఎక్కి ఆయన చెవి దగ్గర అరిచాను.

"ఏటి దిగింది? పడవేటి?"

"పడవ కాదు, మందు!"

మందుల పడవను నేను పుట్టాక ఎవరూ చూడలేదు. అయినా ఆయన ముందు సముద్రం వైపే చూశారు. తర్వాత కిందికొచ్చి, మూత ఎత్తి వాసన చూసి, భుజం మీది తువ్వాలు పైకి ఎగరేశారు. "ఒలే పైడీ, ఇయాల రెండు కాగులు దించీగలం!"

దించాం. మంచు నెల మొదలైనప్పటి నుంచి మూడో గట్టు మీద వణుకు జ్వరం లేని ఇల్లు లేదు. రోజూ వరస చివర నిలబడ్డవాళ్లు ఖాళీ గ్లాసులతో వెనక్కి వెళ్లేవాళ్లు. ఇవాళ అందరికీ అందింది. అప్ప వాటా నేనే ఇంటికి తీసుకెళ్లాను. మా అక్క అసిరప్పకిప్పుడు ఆరో నెల. ఒక పూట మందు మానితే చాలు, జ్వరం తిరగబెడుతోంది.

అప్ప ఒక్క గుక్కలో తాగి మూతి తిప్పింది. "ఎండ్రకాయ ఏడిస్తే ఇలగే ఉంటాది కాబోలు."

ఈ రోజువారీ రాసే పని మాస్టారే ఇచ్చారు. నా తర్వాత కాగు దగ్గర కూర్చునేవాళ్లకి పనికొస్తుందట. "కంటితో సూసింది రాయి, ముక్కుతో సూసింది రాయి. అనుకున్నది రాయకు" అన్నారు. ఒక కొత్త మాట కూడా చెప్పారు: ఉత్ప్రేరకం. పలుకుతుంటే నోట్లో గులకరాయి పెట్టుకున్నట్టుంది. నాకు చాలా నచ్చింది. కాగు దగ్గర మాత్రం ఎవరూ అలా అనరు. పెళ్లిపెద్ద అంటారు. మునిగిన బళ్ల బ్యాటరీల నుంచి తీసిన నల్లపొడి అది. తెల్లటి మట్టిగింజల మీద పూతగా కాల్చి, ఆ గింజలను తీగ గంపలో పోసి కాగులోకి దింపుతారు. తెల్లగింజ పేరు అరుగు. పెళ్లిపెద్ద ఈ అరుగు మీద కూర్చుని నూనెకీ గాలికీ సంబంధం కుదురుస్తాడు, విందు తినకుండా లేచిపోతాడు. అందుకే ఎన్ని పెళ్లిళ్లు చేసినా తరగడు.

మంచు నెల, పన్నెండో రోజు

గంప తోమే వంతు నాది. గింజల్ని గోనెపట్టా మీద ఆరబోసి, చింతపండు పులుసు పోసి, ఇత్తడి బిందె తోమినట్టు తోమాలి. బంగారి మామ్మ పక్కనే పీట మీద కూర్చుని అజమాయిషీ చేస్తుంది. మామ్మ ఈ కాగు కట్టినావిడకు కోడలు. అందుకని ఆవిడకు ఎవరూ ఎదురు చెప్పరు.

"అలగ నిమిరితే ఎలగే? అదేటి పిల్లి పిల్లా? రుద్దు! అరుగు అవుపడాల."

"అవుపడతంది కదా మామ్మా."

"ఆఁ?"

"అవుపడతందీ!"

"అరుస్తావెందుకు, నాకేటి సెవుడా?"

నా చిన్నప్పుడు ఈ గింజలు నేరేడు పళ్లలా నిగనిగలాడుతుండేవి. ఇప్పుడు చద్ది మెతుకుల్లా ఉన్నాయి. అక్కడక్కడ బూడిద రంగు మచ్చలు మాత్రం మిగిలాయి. బాగా శుభ్రపడ్డాయని మామ్మ మెచ్చుకుంది.

తోమిన నీళ్లు మళ్లీ కాగులోనే పోశాను. గట్టు మీద చుక్క నీరు పారబోయం. నీళ్లు, గాలి, ఎండ: ఈ మూడూ తప్ప కాగులోకి ఏ విషమూ రాకూడదు, కాగు నుంచి ఏ మురికీ నేలలోకి పోకూడదు. పిల్లలకి అక్షరాల కంటే ముందు నేర్పేది ఇదే. సముద్రం రాకముందే కొండ అవతలి బావులన్నీ ఎలా చచ్చిపోయాయో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు.

సాయంత్రం పోటు ఎక్కుతుండగా కొమ్ము ఊదారు. ఇసుకలో ఆడుకుంటున్న పిల్లల్లో కొందరు లేచి పరుగెత్తారు. కొందరు లేవలేదు. కొమ్ము మళ్లీ ఊదారు. వాళ్లు నవ్వుతూ గూళ్లు కట్టుకుంటూనే ఉన్నారు, వెనక నీళ్లు పెరుగుతున్నాయి. తల్లులు పరుగెత్తుకెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. లేవని పిల్లలందరూ జ్వరం వచ్చి తగ్గినవాళ్లే. కంటితో చూసింది కాబట్టి రాస్తున్నాను.

దిగేటప్పుడు మాస్టారు రోజూ అడిగే మాటే అడిగారు. "అరుగు సూసినావా?"

"సూసినాను."

ఈ జవాబు చెప్పనిదే కాగు దగ్గర నుంచి ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. ఇది మా ఆచారం.

మంచు నెల, పధ్నాలుగో రోజు

ఇవాళ గంప తాడు తెగింది. గింజలు చిందలేదు గాని గంప చట్రం వంగిపోయింది. దాన్ని బాగు చేసేలోపు అద్దాలకు గుడ్డ కప్పమన్నారు మాస్టారు. అప్పటికే కాగు వేడెక్కింది, నూనె పోసేశాం, గాలిమర తిరుగుతోంది. గుడ్డలు కప్పి వచ్చి అలవాటుగా మూత దగ్గర వంగాను.

నిమ్మగడ్డి వాసన సన్నబడుతోంది. చూస్తుండగానే పోయింది.

గంప నేల మీద ఉంది. కాగులో ఒక్క గింజ కూడా లేదు. మందు మాత్రం తయారైంది.

వరసలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలిసి ఒకటే నవ్వులు. "పెద్ద రాకుండానే పెళ్లయిపోనాది!" అని ఒకరంటే, "గుంటడూ గుంటా లేచిపోనారన్నమాట" అంది బంగారి మామ్మ. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. వాననీటి తొట్టి నుంచి చిన్న కుండతో నీళ్లు తెమ్మన్నారు. అందులో నూనె పోసి, వేడి చేసి, గాలి ఊదాం. వాసన అలాగే ఉంది. ఎంతసేపు ఊదినా అలాగే ఉంది. రెండో కుండలో కాగు అడుగున నిలిచే ఉప్పునీళ్లు పోసి అదే పని చేశాం. వాసన పోయింది.

"అంటే ఏటి మాస్టారూ?"

ఆయన గంప వైపు వేలు చూపించారు. "పెళ్లిపెద్ద ఇంక అరుగు మీద లేడే. నీళ్లలోకి దిగిపోనాడు."

మందు తొందరగా దిగినందుకు మొన్న తువ్వాలు ఎగరేసిన మనిషి ఆయనే. ఇవాళ అదే తువ్వాలుతో ముఖం కప్పుకుని గోడ నీడన కూర్చున్నారు.

అప్పకు వాటా ఇచ్చాను. తాగింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, "ఉప్పు సరిపోయిందే" అంది.

మంచు నెల, పదిహేనో రోజు

పొద్దున్నే ఈ పేజీ మీద కాగు అడుగునీళ్లు చిందాయి. ఆరడానికి కాగు మూతి మీద పెడితే చిందిన చోటల్లా నీలం రంగు వచ్చింది. నెమలి మెడలో ఉంటుందే, అలాంటి నీలం. నోటితో ఊదితే సిగ్గుపడినట్టు గులాబీ రంగుకు తిరిగి మాయమైంది. మళ్లీ వేడి తగిలితే మళ్లీ నీలం.

ఇంత అందమైనది నేనెప్పుడూ చూడలేదు. రెల్లు పుల్ల కొస చెక్కి ఆ నీళ్లలో ముంచి, ఒక చిత్తు కాగితం మీద నాకు నచ్చిన మాటలన్నీ రాశాను. ఉత్ప్రేరకం. నిగనిగ. పైడి. తడిగా ఉన్నంతసేపు ఏమీ కనబడలేదు. వేడికి పట్టగానే ఒక్కొక్క అక్షరమే లేచి వచ్చింది. మామూలు ఉప్పునీటితో రాసి చూశాను. ఏమీ రాలేదు. వరసలో పోసే మందుతో రాశాను. నీలం వచ్చింది, కొంచెం లేతగా.

పరుగెత్తుకెళ్లి మాస్టారికి చూపించాను. ఆయన కాగితాన్ని వేడికి పట్టారు, ఊదారు, మళ్లీ పట్టారు.

"ఇది మన నల్లపొడే పైడీ, కోబాల్ట్. గింజ మీద ఉన్నప్పుడు నలుపు. ఉప్పునీళ్లలో కరిగి ఎండితే నీలం, సెమ్మ తగిలితే గులాబీ."

"కరిగితే ఏటవుద్ది?"

ఆయన కాగితం మడిచారు. "మా నాయిన బ్యాటరీలు పగలగొట్టే కాడ పనిసేసీవోడు. ముందు సెవులు పోనాయి. మేం పిలిస్తే పలికీవోడు కాడు, పొగరనుకునీవోలం. తరవాత గుండె ఉబ్బిపోనాది."

ఇసుకలో కూర్చుండిపోయిన పిల్లలు గుర్తొచ్చారు. "అవుపడతంది" అంటే "ఆఁ?" అనే బంగారి మామ్మ. నిచ్చెన ఎక్కి నేను అరిచినప్పుడు "పడవేటి?" అన్న మాస్టారు. ఉప్పు సరిపోయిందన్న అప్ప.

"ఆపేద్దాం మాస్టారూ."

"ఆపితే? జొరం ఒచ్చినోడు వారం దాటడు. సెవులు నేకపోయినా మనిషి బతుకుతాడు. ఎవలికీ సెప్పకు. నానేదో ఒకటి ఆలోచిస్తాను."

"మరి అప్ప కడుపులో ఉన్నదానికి?"

ఆయన అద్దాల దగ్గరికి వెళ్లిపోయారు. వినబడలేదో, విననట్టు ఊరుకున్నారో నాకు తెలియలేదు.

మంచు నెల, పదహారో రోజు

కరగని పెద్ద ఎందుకు కరిగాడు? రాత్రంతా ఇదే ఆలోచన. మాస్టారు చెప్పింది ఒక్కటే: పులుపుకి కోబాల్ట్ లొంగుతుంది. పులుపు అంటే చింతపండు. చింతపండు అంటే తోమడం. పొద్దున్నే బంగారి మామ్మ దగ్గరికి వెళ్లాను. చెవిలో అరవాల్సి వచ్చింది.

"గింజలు తోమడం ఎవలు మొదలెట్టినారు మామ్మా?"

"నానే!" మామ్మ ముఖం విచ్చుకుంది. "మా అత్త ఉన్నన్నాళ్లూ తోమనిచ్చిందేటి? కాగు కట్టడం తెలుసు గానీ ఆవిడికి నోరు తిరగదే. రోజూ సాయంత్రం ‘అరుగుడు సూసినారా, అరుగుడు సూసినారా’ అని పేణం తీసీది. అరుగుకి డు ఏటే? అరుగేటి మగోడా?" పడిపడి నవ్వింది. "నానే దిద్దినాను. ‘అరుగు సూసినావా’ అనాల, సుబ్బరంగా."

"ఆవిడ ఏటి సూసీది?"

"గింజల్ని తాసులో ఏసి తూసీది, పిచ్చిది. పప్పులేటి, తూయడానికి?"

"మరి నువ్వు?"

"నానెందుకు తూస్తాను? అరుగు సూడాలంటే నలుపు పోవాల కదేటి. మసి పట్టిన గిన్నెలో ఇత్తడి అవుపడతాదా? సింతపండెట్టి తోమించినాను. దెబ్బకి తెల్లగొచ్చినాయి."

ఇంటికొస్తూ దారంతా ఆ మాటను నోట్లో తిప్పుకున్నాను. అరుగు అంటే కూర్చునే తిన్నె. అరుగు అంటే అరిగిపోవడం కూడా. అవే అక్షరాలు. కాగు కట్టిన పెద్దావిడ అడిగింది గింజల మీద నలుపు ఎంత అరిగింది అని. తూచి చూడమంది. మేం ఆ మాటలో ‘డు’ తీసేసి, తిన్నె కనబడేదాకా రుద్దాం. అరుగుదల కనిపెట్టడానికి పెట్టిన ఆచారంతోనే రోజూ అరగదీశాం. తోమిన నీళ్లు పారబోయకుండా తిరిగి కాగులో పోశాం. చుక్క కూడా వృథా చేయలేదు.

ఇన్నాళ్లూ "సూసినాను" అని చెప్పి ఇంటికెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

మాస్టారికి చెప్పాను. ఆయన పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా పలికాయి. అరుగుడు. తర్వాత లేచి వెళ్లి పులుసు కుండను బోర్లించారు. గట్టు మీద ఒకరు ఏదైనా నేలపాలు చేయడం నేను మొదటిసారి చూశాను.

మంచు నెల, పదిహేడో రోజు

ఎవరికీ చెప్పొద్దన్న మాట నేను నిలబెట్టుకోలేదు. పొద్దున వరస మొదలవగానే గోడ ఎక్కి నిలబడ్డాను.

"ఈ మందులో కోబాల్ట్ ఉంది!"

"గోపాలమా? ఏ గోపాలం?" అన్నాడు ముందున్న ముసలాయన. వెనకాల నవ్వులు. "గోపాలానికి జొరమంట!" అని ఎవరో మాట అందించారు. మళ్లీ అరిచాను. చెవులు పోతాయి అన్నాను, గుండె అన్నాను. సగం మందికి అందలేదు. అందినవాళ్లు పక్కవాళ్లకి చెప్పింది వేరే ఏదో అయింది. "మందు నేదంట!" అన్న కేక ఒక్కటి మాత్రం అందరికీ వినబడింది. వరస విరిగి తోసుకురావడం మొదలైంది.

అప్పుడు మాస్టారు నా పక్కకు ఎక్కారు. నోరు తెరవలేదు. వెడల్పాటి కాగితం ఒకటి మందులో ముంచి, కాగు మూతి మీద పట్టి, అందరికీ కనబడేలా పైకెత్తారు. నీలం. నోటితో ఊదారు. గులాబీ. తర్వాత కాగు వైపు చూపించి, తన చెవి వైపు చూపించి, రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. అలాగే నిలబడ్డారు.

తోపులాట ఆగింది. గాలిమర కిర్రుమంటోంది. ఆ చప్పుడు ఎంతమందికి వినబడుతోందో అనుకున్నాను.

ముందుగా కదిలింది చంకలో బిడ్డ ఉన్న ఒకామె. ఆమె పేరు కూడా నాకు తెలియదు. రెండో గట్టు నుంచి వచ్చినట్టుంది. గ్లాసు ముందుకు చాపింది.

"ఒళ్లు పెనంలా కాలిపోతంది బావూ. మందు పొయ్యి."

మాస్టారు పోశారు. ఆమె వెనక ఇంకొకరు. వరస మళ్లీ దానంతట అదే కుదురుకుంది. ఒక్కరు కూడా ఖాళీ గ్లాసుతో వెళ్లలేదు. నాకు అది చూసే ఎక్కువ భయం వేసింది.

మధ్యాహ్నం మేమిద్దరం నత్తగుల్ల సున్నం కలిపిన నీళ్లు ఒక కుండెడు మందులో పోశాం. అడుగున మురికి నీలం రంగు మడ్డి పేరుకుంది. పై తేటను ఇసుకలోనూ, నాలుగు మడతల గుడ్డలోనూ వడగట్టాం. కాగితం ముంచి వేడికి పట్టాను. తెల్లగా ఉంది. ఎంతసేపు పట్టినా తెల్లగానే ఉంది. నేను ఎగిరి గంతేశాను.

"వాసన సూడు" అన్నారు మాస్టారు.

చేదు వాసన బాగా తగ్గింది. కోబాల్ట్‌తో పాటు మందు కూడా కొంత మడ్డిలోకి పోయింది. ఎంత పోయిందో తెలియదు. మిగిలింది జ్వరాన్ని ఆపుతుందో లేదో, తాగి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. ఆపితే రేపటి నుంచి అందరికీ అదే పోయవచ్చు. ఆపకపోతే, ఆ పూట తాగినవాళ్లకి జ్వరం తిరగబెడుతుంది.

"ఎవలికి ముందు పోద్దాం?" అని అడిగాను. మాస్టారు తేట కుండకు మూత పెట్టి నా వైపు జరిపారు. ఈ మూడో గట్టు మీద కడుపుతో ఉండి మందు తాగుతున్నది మా అప్ప ఒక్కతే.

ఇంటికొచ్చేసరికి అప్ప గోడకు ఆనుకుని వల అల్లుతోంది. కుడివైపు నుంచి పిలిచాను, పలకలేదు. ఎడమవైపుకి వెళ్లి పిలిస్తే తిరిగింది. "ఏటే, దొంగలా ఒచ్చినావు?" అంది. నేను కుడివైపు నుంచి మూడుసార్లు పిలిచానని చెప్పలేదు. కూర్చుని ఊరికే కబుర్లు చెబుతూ, ఏయే మాటలు అందుతున్నాయో గమనించాను. స, ష, చ, త ఉన్నవి జారిపోతున్నాయి. మ, న, బ, డ నిలుస్తున్నాయి. అప్పకు చదువు రాదు. నేను అక్షరాలు దిద్దుతుంటే, "సేపలకి సదివి ఇనిపిస్తావేటి?" అని వెక్కిరించేది. రాసి చూపించడానికి వీల్లేదు. నోటితోనే చెప్పాలి, ఆ ఒక్క చెవి ఉండగానే చెప్పాలి.

రేపు పొద్దున్న వరస మొదలవకముందే రెండు గ్లాసులు ఇంటికి తెస్తాను. ఒకదాంట్లో మామూలు మందు, రెండోదాంట్లో సున్నంతో తేర్చినది. అప్పకు ఎడమవైపున కూర్చుంటాను. ఏది తాగాలో నేను చెప్పను. ఏ గ్లాసులో ఏముందో మాత్రం చెబుతాను. తేర్చింది తీసుకుంటే పొద్దు వాలేదాకా ఆమె నుదుటి మీద నుంచి చెయ్యి తీయను, ఇంకో గ్లాసు పక్కనే పెట్టుకుంటాను.

మాటలు ఏరుకుంటున్నాను. చెవి అంటే వినబడదు. విషం అంటే వినబడదు. మందు వినబడుతుంది. బిడ్డ వినబడుతుంది. రేపు ఆ మాటతో మొదలుపెడతాను.